పసికందు కండరాల బిగువు: కారణాన్వేషణ చరిత్ర

కృష్ణా డెల్టా పల్లెలలో పురిటి బిడ్డకు లాల పోసే దృశ్యం మనలో చాలామందికి తెలిసినదే. ఇంటి పెద్ద ముసలమ్మ పీటమీద కూర్చుండి, రెండు కాళ్ళూ ముందుకు చాచి, వాటిపై బిడ్డను పడుకోబెట్టుకుంటుంది. ఒంటికి నూనె మర్దించి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చని నీరు పోస్తుంది. బిడ్డ ఊరకుండదు. కాళ్ళు ముడుచుకుంటుంది, పిడికిళ్ళు బిగిస్తుంది, మోచేతిని చాచబోతే మళ్ళీ మడుచుకుంటుంది. చాచబోయిన చేతికి ఆ లేత కండరం కొద్దిగా ఎదురు నిలుస్తుంది. ఆ ఎదురునే శాస్త్రంలో కండరాల బిగువు అంటారు.

ఎక్కడో ఒక ఇంట ఆ ఎదురు కనిపించదు. “బిడ్డ తోటకూర కాడలా వాలిపోతున్నదేమే!” అంటుంది ముసలమ్మ. లక్షణాన్ని పసిగట్టడానికి ఆమెకు ఒక్క క్షణం చాలును. దాని కారణాలను విడదీసి చెప్పడానికి మాత్రం వైద్యలోకానికి నూరేళ్ళకు పైగా పట్టినది.

కొన్నేళ్ళ క్రిందట మా బంధువుల ఇంట ఒక మగబిడ్డ పుట్టాడు. “ఏడుపే ఎరుగడు, ఎంత బుద్ధిమంతుడో!” అని అందరూ మురిసిపోయారు. పాలకు కూడా లేపవలసి వచ్చేది. నాలుగో నెల నిండినా మెడ నిలవలేదు. కొందరు బలానికి టానిక్కు పట్టమన్నారు. కొందరు తాయెత్తు కట్టించారు. మరికొందరు తల్లి పాలలో సారం లేదన్నారు. చివరకు ఒక వైద్యుడు రక్తపరీక్ష చేయించగా థైరాయిడ్ గ్రంథి లోపమని తేలినది. మందు మొదలుపెట్టగానే బిడ్డ కోలుకున్నాడు, ఆలస్యంగానైనా నడిచాడు. కాని మెదడు ఎదగవలసిన ఆ నాలుగు నెలలు తిరిగి రాలేదు. చదువులో అతడు తోటివారిని అందుకోలేకపోయాడు. బిగువు లేదని అందరికీ తెలుసు. ఎందుకు లేదని సకాలంలో అడిగినవారే లేరు.

ఆ “ఎందుకు” అనే ప్రశ్న ఎలా పుట్టి ఎలా పెరిగినదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శివారు పొలానికి నీరు ఎందుకు రాలేదు?

ముందు బిగువు ఎక్కడ నుండి వస్తుందో తెలుసుకుందాం. విజయవాడవారికి దీన్ని వివరించడం సులభం. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ నీటిని నిలగట్టి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మొదలైన వాటిలోకి వదులుతారు. పెద్ద కాలువల నుండి పిల్ల కాలువలకు, అక్కడ నుండి తూముల గుండా పొలాలకు నీరు చేరుతుంది. శివారు పొలం ఎండిందనుకోండి. లోపం బ్యారేజి దగ్గర ఉండవచ్చును. కాలువకు గండి పడి ఉండవచ్చును. తూము మూసుకుపోయి ఉండవచ్చును. నీరు చేరినా నిలుపుకోలేని చౌడు నేల కావచ్చును. ఎండిన పొలాన్ని ఎంతసేపు చూసినా ఈ నాలుగింటిలో ఏది కారణమో తెలియదు. కాలువ గట్టు వెంట నడిచి చూడవలసిందే.

మన శరీరంలో మెదడు బ్యారేజి వంటిది. దాని ఆజ్ఞలు వెన్నుపాములోని చాలక కణాలకు చేరుతాయి. ఆ కణాల నుండి బయలుదేరిన నాడీ తంతువులు కాలువలు. నాడి కండరాన్ని కలిసే సంధి తూము. కండరమే పొలం. ఈ దారిలో ఎక్కడ తెగినా పసిబిడ్డ మెత్తబడిపోతుంది.

అయితే ఒక విశేషం ఉన్నది. కండరంలో సాగుదలను కనిపెట్టే సూక్ష్మమైన కండెలు ఉన్నాయి. కండరం సాగగానే అవి వెన్నుపాముకు కబురు పంపుతాయి; వెన్నుపాము వెంటనే “ముడుచుకో” అని బదులిస్తుంది. మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగరడం ఇందువల్లనే. ఈ వలయానికి ప్రతిసారీ మెదడు అనుమతి అక్కరలేదు. కనుక లోపం మెదడులో ఉంటే బిడ్డ మెత్తగా ఉన్నా ఈ ప్రతిచర్య నిలిచే ఉంటుంది. ఒక్కొక్కప్పుడు హెచ్చుతుంది కూడా. లోపం చాలక కణంలోనో నాడిలోనో ఉంటే ప్రతిచర్య తగ్గిపోతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. ఒక చిన్న సుత్తి దెబ్బతో వైద్యుడు బ్యారేజి వైపు వెళ్ళాలో కాలువ వైపు వెళ్ళాలో తేల్చుకోవడం ఈ కారణం చేతనే.

ఒకే గంపలో పలు జబ్బులు

పందొమ్మిదవ శతాబ్ది చివరి దాకా ఇటువంటి బిడ్డలకు ప్రత్యేకమైన పేర్లు లేవు. మన వైపు బాలారిష్టమనీ పక్షిదోషమనీ సరిపెట్టుకున్నట్లే ఐరోపాలోను పుట్టు బలహీనత అని సరిపెట్టుకునేవారు.

1891లో ఆస్ట్రియా దేశపు వైద్యుడు గీడో వెర్డ్‌నిగ్, 1893లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగర వైద్యుడు యోహాన్ హాఫ్‌మన్ కొందరు పసిపిల్లలను వర్ణించారు. ఒకే ఇంట అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు వరుసగా వచ్చిన జబ్బు అది. కండరాలు క్రమంగా క్షీణించి పిల్లలు మరణించారు. మరణానంతరం వెన్నుపామును సూక్ష్మదర్శినితో పరిశీలించగా దాని ముందు భాగంలో ఉండవలసిన చాలక కణాలు నశించి ఉన్నాయి. చెడినది కండరం కాదు. దానికి ఆజ్ఞ పంపే కణం. ఈ జబ్బునే నేడు వెన్నుపాము కండర క్షీణత అంటున్నాము. ఇటువంటి బిడ్డ ముఖం కళగా ఉంటుంది, కళ్ళతో తల్లిని వెంబడిస్తుంది. తెలివికి లోటు లేదు. కాళ్ళు మాత్రం కదలవు. నాలుక మీద సన్నని వణుకు కనిపిస్తుంది. చూసినవారి గుండె తరుక్కుపోయే స్థితి ఇది.

1900లో బెర్లిన్ నగర వైద్యుడు హెర్మన్ ఓపెన్‌హైమ్ మరొక తరహా పిల్లలను వర్ణించాడు. వీరు పుట్టుకతో మెత్తగా ఉన్నా కాలక్రమేణ కొంత మెరుగుపడేవారు. ఆయన చెప్పినది ఒక పరిశీలన మాత్రమే. పిదప వచ్చినవారు దానిని ఒక వ్యాధిగా స్థిరపరచి, మెత్తగా కనిపించిన ప్రతి బిడ్డకూ ఆ పేరే తగిలించారు. చనిపోయేవారు, బాగుపడేవారు, మెదడు ఎదగనివారు అందరూ ఒకే గంపలో పడ్డారు. సుమారు యాభై ఏళ్ళు ఇదే తంతు సాగినది. పేరు పెట్టగానే కారణం తెలిసిపోయిందనుకోవడం శాస్త్ర చరిత్రలో తరచు జరిగే పొరపాటు. ఈ గంప అందుకొక మంచి ఉదాహరణ.

పురిటి గదిలో మార్కులు

పుట్టిన క్షణంలోనే బిడ్డను పద్ధతి ప్రకారం పరీక్షించాలని చెప్పినది న్యూయార్క్ నగరంలో మత్తుమందు వైద్యురాలైన వర్జీనియా ఆప్‌గార్. 1952లో ఆమె తన పద్ధతిని వైద్యుల సభలో వివరించి, 1953లో ప్రచురించినది. గుండె వేగం, శ్వాస, ప్రేరణకు స్పందన, ఒంటి రంగు, కండరాల బిగువు అనే ఐదు అంశాలకు సున్న నుండి రెండు దాకా మార్కులు వేయాలి. మొత్తం పది. వేలాడిపోతున్న బిడ్డకు బిగువులో సున్న. కొద్దిగా ముడుచుకున్న బిడ్డకు ఒకటి. చురుకుగా కదిలే బిడ్డకు రెండు. ముసలమ్మ చేతికి తెలిసినదే ఇక్కడ అంకెగా మారినది. అంకె కాగితం మీద నిలుస్తుంది; ఇంకొకరు చదివి ప్రశ్నించగలుగుతారు. అదే దాని ప్రయోజనం.

ఆ కాలంలోనే మన విజయవాడలో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ స్త్రీల వైద్యురాలిగా పేరు పొంది ఉన్నారు. విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపకులలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె ఆమె. 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. ‘ప్రసూతి–శిశుపోషణ’ అనే గ్రంథాన్ని తెలుగులో వ్రాశారు. తండ్రి చరిత్రను, విజ్ఞానాన్ని తెలుగులోకి తెస్తే, కుమార్తె పురిటి గది శాస్త్రాన్ని తెలుగు తల్లులకు అందించినది. పసిబిడ్డ విషయంలో ఏది మామూలో తల్లికి ముందు తెలిస్తేనే గదా, మామూలు కానిదాన్ని ఆమె గుర్తించగలిగేది!

గంప విప్పిన దశాబ్దం

ఆ గంపను విప్పడం 1950 తరువాత వేగంగా సాగినది. 1956లో ఇంగ్లండు వైద్యుడు జాన్ వాల్టన్ ఆ పేరు తగిలిన పిల్లల భవిష్యత్తును ఏళ్ళ తరబడి వెంబడించి చూశాడు. వారిలో అనేకులది వెన్నుపాము కణాల జబ్బేనని, కొందరివి వేరు వేరు జబ్బులని, కొద్దిమంది మాత్రం క్రమంగా కోలుకున్నారని తేలినది. అదే సంవత్సరం షై, మెగీ అనే అమెరికా శాస్త్రజ్ఞులు కండరం ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించి, కండర తంతువుల నిర్మాణంలోనే లోపమున్న ఒక జబ్బును చూపించారు. అంటే ఇక్కడ చెడినది పొలమే. అదే 1956లో జూరిక్ నగరంలో ప్రేడర్, లాబ్‌హార్ట్, విల్లీ అనే ముగ్గురు ఇంకొక జబ్బును వర్ణించారు. ఈ బిడ్డలు పుట్టినప్పుడు పాలు కుడవలేనంత మెత్తగా ఉంటారు. కొన్నేళ్ళకు తీరని ఆకలితో స్థూలకాయులవుతారు. దీనికి మూలం పదిహేనవ క్రోమోజోములో ఉన్నదని 1981లో తెలిసినది.

1866లో లాంగ్‌డన్ డౌన్ వర్ణించిన లక్షణ సముదాయం సంగతి కూడ ఇంతే. ఈ బిడ్డలలో బిగువు తక్కువగా ఉండడం ముఖ్య లక్షణం. మానవ కణంలో 46 క్రోమోజోములున్నవని 1956లో స్థిరపడినది. మూడేళ్ళకు, 1959లో, పారిస్ నగరంలో లెజూన్, గోతియే, టూర్పిన్ ఈ పిల్లల కణాలలో 47 ఉన్నట్లు కనుగొన్నారు.

ఈ తెలివిడినంతా ఒక క్రమంలో పెట్టినవాడు విక్టర్ డుబోవిట్జ్. 1969లో ఆయన ప్రచురించిన చిన్న పుస్తకం పేరుకు “మెత్తని శిశువు” అని అర్థం. బిడ్డ మెత్తగా ఉన్నది సరే, బలహీనంగా కూడ ఉన్నదా? ఇదే ఆయన మొదట అడగమన్న ప్రశ్న. బిడ్డ చేతులు పట్టి మెల్లగా లేపినప్పుడు తల వెనుకకు వాలుతుందా? అరచేతిపై బోర్లా పట్టినప్పుడు ఒళ్ళు విల్లులా వంగి వేలాడుతుందా? ఇవి మెత్తదనానికి గుర్తులు. కాని అదే బిడ్డ కాలు గిల్లితే బలంగా లాక్కుంటే, కండరం సత్తువగానే ఉన్నదన్నమాట. అప్పుడు మెదడు వైపో, మొత్తం శరీరాన్ని పట్టిన రుగ్మత వైపో వెదకాలి. మెత్తదనంతో పాటు కదలికే లేకపోతే వెన్నుపాము, నాడి, సంధి, కండరం వైపు వెదకాలి. ఇంత ఖరీదైన పరికరాల కాలంలోను ఈ మొదటి మెట్టుకు వైద్యుని చేతులు, కళ్ళు తప్ప మరేమీ అక్కరలేదు.

భీమవరం శాస్త్రజ్ఞుని రసాయనం

కండరమే చెడినదని తెలుసుకోవడానికి ఒక రక్తపరీక్ష ఉన్నది. దాని వెనుక తెలుగువాని పేరు ఉన్నదని మన విద్యార్థులలో ఎంతమందికి తెలుసు?

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నాడు. కండరం ముడుచుకునేటప్పుడు తక్షణ శక్తిని సమకూర్చే నిల్వ ఇదే. ఈ నిల్వలోని ఫాస్ఫేటును అవసరమైనచోటికి అందించే ఎంజైము పేరు క్రియాటిన్ కైనేజ్. అది కండర కణం లోపలే ఉండాలి. కణపు గోడ చెడితే రక్తంలోకి కారుతుంది. కండరాలు క్షీణించే వ్యాధిలో రక్తంలో ఇది హెచ్చుతుందని 1959లో జపాను శాస్త్రజ్ఞులు చూపించారు. నాటి నుండి ఇది వైద్యుల చేతిలో కొలబద్ద అయినది.

కొలబద్దను చదివే నేర్పు కూడా కావాలి. ప్రసవ సమయంలో కలిగే ఒత్తిడి వల్ల ఆరోగ్యవంతమైన శిశువు రక్తంలోను మొదటి కొద్ది రోజులు ఈ ఎంజైము హెచ్చుగానే ఉంటుంది. కొన్ని పుట్టు కండర జబ్బులలో ఇది మామూలుగానే ఉంటుంది. అంకె ఒక సాక్ష్యమే గాని తీర్పు కాదు.

మడమ మీద ఒక్క చుక్క

ఇప్పుడు మా బంధువుల బిడ్డ విషయానికి తిరిగి వద్దాం. థైరాయిడ్ లోపంతో పుట్టిన బిడ్డ మొదట మామూలుగానే కనిపిస్తుంది. క్రమంగా మందకొడితనం, మలబద్ధకం, తగ్గని కామెర్లు, బొంగురు ఏడుపు, పెద్ద నాలుక, ఉబ్బిన బొడ్డు, కండరాల మెత్తదనం బయటపడతాయి. ఇవన్నీ స్పష్టమయ్యే నాటికి మెదడుకు నష్టం కలిగి ఉంటుంది. చికిత్స మాత్రం ఎంతో సులభం: రోజుకొక చిన్న మాత్ర. 1891లోనే ఇంగ్లండులో జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్ సారంతో పెద్దవారిలో ఈ లోపాన్ని సరిచేశాడు. 1927లో థైరాక్సిన్‌ను ప్రయోగశాలలో తయారు చేయగలిగారు. మందు ఉన్నది, అవసరమైన బిడ్డను సకాలంలో గుర్తించే దారే లేకపోయినది.

ఆ దారి 1970 దశకంలో కెనడాలో ఏర్పడినది. రాబర్ట్ గుత్రీ మరొక జబ్బు కోసం అంతకు ముందే ప్రవేశపెట్టిన ఉపాయాన్ని గ్రహించి, జాన్ డుసో శిశువు మడమ నుండి తీసి కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలో థైరాయిడ్ హార్మోనును కొలవవచ్చునని చూపించాడు. ఇక లక్షణాల కోసం ఎదురు చూడనక్కరలేదు. హైదరాబాదులో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన 18,300 మంది శిశువులను ఇటువంటి పద్ధతిలో పరీక్షించగా, సుమారు 1,700 మందికి ఒకరిలో ఈ లోపం కనిపించినట్లు 2004లో ప్రచురితమైనది. మొదటి రెండు వారాలలో మందు మొదలుపెడితే ఆ బిడ్డలు తోటివారితో సమానంగా చదువుకోగలుగుతారు.

మేనరికం, జన్యువు, తల్లిపై నింద

కృష్ణా, గోదావరి జిల్లాలలో మేనరికాలు కొత్త కావు. జె. బి. ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన పిమ్మట, ఆయన శిష్యుడైన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రదేశంలోని రక్తసంబంధ వివాహాలను అధ్యయనం చేసి, 1960లోను 1963లోను ఫలితాలు ప్రచురించాడు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడ ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగోవంతు వివాహాలు రక్తసంబంధీకుల మధ్యనే జరిగినట్లు తేలినది.

దీని ప్రభావం ఏమిటి? కొన్ని జబ్బులు రావాలంటే తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపపు జన్యువులు బిడ్డకు చేరాలి. ఒక్కటే ఉన్నవారు ఆరోగ్యంగానే ఉంటారు, వారు వాహకులు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. బావామరదళ్ళు ఒకే తాతామామ్మల జన్యువులను పంచుకున్నవారు కనుక ఇద్దరిలోను ఒకే లోపం ఉండే అవకాశం హెచ్చు. అంతమాత్రాన ప్రతి మెత్తని బిడ్డకూ మేనరికమే కారణమనరాదు. వెన్నుపాము కండర క్షీణతకు వాహకులు ప్రపంచంలో సుమారు 50 మందిలో ఒకరుంటారు. ఏ చుట్టరికమూ లేని దంపతులకు కూడ ఈ జబ్బు బిడ్డ పుట్టవచ్చును. డౌన్ లక్షణ సముదాయానికి మేనరికంతో సంబంధమే లేదు. ఇక ఇద్దరి నుండి రావలసిన జన్యువు విషయంలో ఒక్క తల్లిని నిందించడం అన్యాయమే కాదు, లెక్క తెలియకపోవడం కూడ.

వెర్డ్‌నిగ్ సూక్ష్మదర్శినిలో చూసిన జబ్బుకు కారణమైన జన్యువును 1995లో ఫ్రాన్సులో జుడిత్ మెల్కీ బృందం కనుగొన్నది. అంతవరకు కండరం ముక్క కోసి చూసి నిర్ణయించిన జబ్బును కొద్దిపాటి రక్తంతోనే నిర్ధారించగలిగారు. 2016లో అమెరికాలో మొదటి మందుకు అనుమతి లభించినది. 2019లో జన్యు చికిత్స, 2020లో నోటి ద్వారా ఇచ్చే రిస్డిప్లామ్ వచ్చాయి. ధర కోట్ల రూపాయలలో ఉండడం చేత చందాలు ఎత్తిన కుటుంబాలను పత్రికలలో చూస్తూనే ఉన్నాము. 2025లో పేటెంటు వివాదంలో ఢిల్లీ హైకోర్టు నిరోధపుటుత్తర్వు ఇవ్వ నిరాకరించగా, హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు రిస్డిప్లామ్‌ను చౌకగా తయారు చేసే దారి తెరుచుకున్నది. ఏ మందైనా నశించిన చాలక కణాన్ని తిరిగి పుట్టించలేదు, మిగిలినవాటిని కాపాడుతుంది. కనుక ఇక్కడ కూడ గడిచే ప్రతి వారమూ లెక్కకు వస్తుంది.

నేడు నడిచే దారి

మెత్తని శిశువును చూసిన వైద్యుడు ముందుగా అరుదైన జబ్బుల జోలికి పోడు. ప్రసవంలో ప్రాణవాయువు అందలేదా, రక్తంలో చక్కెర పడిపోయిందా, చీము రక్తానికి ఎక్కిందా అని చూస్తాడు. ఎందుకంటే ఇవి గంటలలో ప్రాణం తీయగలవు. చాలామటుకు చికిత్సకు లొంగుతాయి కూడ. పిదప థైరాయిడ్, క్రోమోజోములు, మెదడు చిత్రాలు. బలహీనత, ప్రతిచర్యల లోపం కనబడితే జన్యు పరీక్షలు, క్రియాటిన్ కైనేజ్. కాలువ గట్టు వెంట లస్కరు నడిచినట్లే ఒక్కొక్క మజిలీ దాటుతూ పోతాడు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద పుట్టుకతో వచ్చే లోపాలకు ప్రభుత్వ పరీక్షలున్నాయి. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం క్రింద హైదరాబాదులోని నిమ్స్, డీఎన్‌ఏ ముద్రల కేంద్రం కలిసి పని చేస్తున్నాయి.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని నాడీమండలం చెప్పేటప్పుడు కలిపి చెప్పవచ్చును. పిల్లలు ఇంటికి వెళ్ళి అమ్మమ్మకు చెబుతారు. ఆమె చేతులకు లక్షణం ఎలాగూ తెలుసు. ఏడవని బిడ్డ, పాలకు లేవని బిడ్డ, చేతిలో వాలిపోయే బిడ్డ బుద్ధిమంతుడు కాకపోవచ్చునని, తాయెత్తు కట్టే ముందు, టానిక్కు కొనే ముందు, తల్లిని ఆడిపోసుకునే ముందు “ఎందుకు?” అని ఒక వైద్యుణ్ణి అడగవలసి ఉన్నదని ఆమెకు తెలిస్తే చాలును. మా బంధువుల ఇంట ఆ ప్రశ్న నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చినది. మీ ఊళ్ళో లాల పోసే పీట దగ్గరే అది పుట్టుగాక.